అమ్మమ్మ ఇంట్లో బిడ్డ, అమెరికాలో తండ్రి: దేశాలు దాటిన కస్టడీ తగాదాలు ఎలా తేలతాయి?

క్లుప్తంగా: బిడ్డ విశాఖలో బంధువుల దగ్గర, తల్లి గానీ తండ్రి గానీ విదేశంలో ఉండి తగాదా వస్తే, మన కోర్టులు అన్నిటికన్నా ముందు బిడ్డ మేలు చూస్తాయి. విదేశీ కోర్టు ఆర్డర్‌ను పరిశీలిస్తాయి గానీ దానికి కట్టుబడి ఉండవు. చట్టంలో తల్లిదండ్రులదే పైచేయి అయినా, నెలలు గడిచేకొద్దీ బంధువుల వాదనకు బలం పెరుగుతుంది. దేశం దాటించిన పిల్లలను తిరిగి పంపేందుకు కుదిరిన 1980 నాటి హేగ్ ఒప్పందంలో భారత్ చేరలేదు కాబట్టి బిడ్డను వెంటనే వెనక్కి పంపే యంత్రాంగం మనకు లేదు. అందుకే ఈ కేసుల్లో మొదటి కొన్ని నెలలు చాలా కీలకం.

విశాఖపట్నంలో ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, లాసన్స్ బే, మధురవాడ వైపు ఏ అపార్ట్‌మెంట్‌లో వాకబు చేసినా, పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో సింగపూర్‌లోనో ఉన్న ఇల్లు ఒకటైనా తగులుతుంది. కూతురికి పురుడు పోయడానికి తల్లి విజిటర్ వీసా మీద వెళ్తుంది. ఆర్నెల్లు ఉండి తిరిగి వస్తుంది. కొన్నాళ్లకు, ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లాలి, డేకేర్ ఖర్చు భరించలేం అనుకుని బిడ్డనే ఇక్కడికి పంపుతారు. రోజూ వీడియో కాల్, ఏడాదికోసారి రాకపోకలు. అందరూ సఖ్యంగా ఉన్నంతకాలం ఇందులో చట్టం ఊసే రాదు. ఎవరూ ఎవరితోనూ కాగితం రాయించుకోరు.

భార్యాభర్తలు విడిపోయినప్పుడో, ఇద్దరిలో ఒకరు చనిపోయినప్పుడో ఇదే ఏర్పాటు తగాదాగా మారుతుంది. అప్పుడు రెండు పక్షాలూ చెరో ప్రశ్న పట్టుకుని లాయర్ దగ్గరికి వస్తాయి. "అమెరికా కోర్టు ఆర్డర్ నా చేతిలో ఉంది, పోలీసులు బిడ్డను ఎందుకు అప్పగించరు?" అన్నది ఒకరి ప్రశ్న. "పాలు పట్టి పెంచింది మేము, మాకు ఏ హక్కూ లేదా?" అన్నది మరొకరి ప్రశ్న. ఈ రెండింటికీ సూటిగా అవుననో కాదనో చెప్పలేకపోవడం వల్లే ఇంత అయోమయం.

## విదేశీ ఆర్డర్‌కు ఇక్కడ ఉన్న విలువ

డబ్బుకు సంబంధించిన కొన్ని విదేశీ డిక్రీలను మన కోర్టులో నేరుగా అమలు చేయించుకోవచ్చు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 44ఎ సెక్షన్ అందుకే ఉంది. అది కూడా కేంద్రం నోటిఫై చేసిన దేశాలకే వర్తిస్తుంది. బ్రిటన్, సింగపూర్, యూఏఈ ఆ జాబితాలో ఉన్నాయి, అమెరికా లేదు. పిల్లల కస్టడీ ఆర్డర్లు ఈ దారిలోకి రావు. టెక్సస్ కోర్టు ఇచ్చినా లండన్ కోర్టు ఇచ్చినా, విశాఖలో ఒక పోలీస్ స్టేషన్‌కు ఆ ఆర్డర్ తీసుకెళ్తే, ఇది సివిల్ విషయం, కోర్టుకు వెళ్లండి అనే చెబుతారు. అది పోలీసుల నిర్లక్ష్యమని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ కాగితాన్ని అమలు చేసే అధికారం వాళ్లకు లేదు.

కోర్టుకు వెళ్లినా ఆ ఆర్డర్‌ను ఎంతవరకు గౌరవించాలన్న దానిపై సుప్రీంకోర్టు వైఖరి నలభై ఏళ్లలో అటూ ఇటూ ఊగింది. 1984లో ఇంగ్లండ్ నుంచి తండ్రి తీసుకొచ్చేసిన బాబు కేసులో, ఆ కుటుంబం ఎక్కడ కాపురం చేసిందో అక్కడి కోర్టే తేల్చాలంటూ బాబును తల్లికి అప్పగించింది. 1997కు వచ్చేసరికి, నెలల పసికందుగా వచ్చి పన్నెండేళ్లకు పైగా ఇక్కడే పెరిగిన అబ్బాయి విషయంలో విదేశీ ఆర్డర్‌ను పక్కన పెట్టి తల్లి దగ్గరే ఉంచింది. 2015లో మళ్లీ విదేశీ కోర్టు ఆర్డర్‌కు పెద్దపీట వేసింది. 2017 జూలైలో ముగ్గురు జడ్జీల ధర్మాసనం ఆ తీర్పును సరిదిద్దుతూ, విదేశీ ఆర్డర్ పరిశీలించాల్సిన అంశాల్లో ఒకటి మాత్రమేనని, బిడ్డ మేలే అంతిమ కొలమానమని స్పష్టం చేసింది. ఇప్పటికీ ఆ తీర్పే దారి చూపుతోంది.

అలాగని 2017 తర్వాత అందరు పిల్లలూ ఇక్కడే ఉండిపోతున్నారని కాదు. 2019లో హైదరాబాద్ నుంచి వెళ్లిన ఒక తెలుగు కుటుంబం కేసులో పిల్లలను అమెరికాకు తిరిగి పంపమనే సుప్రీంకోర్టు ఆదేశించింది. పుట్టిందీ పెరిగిందీ అక్కడే, ఇక్కడికి వచ్చి ఎంతో కాలం కాలేదు, కేసు అక్కడ ముందే నడుస్తోంది అన్నవి లెక్కలోకి వచ్చాయి. ఈ తీర్పులన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఫలితాన్ని ఎక్కువగా మార్చినది బిడ్డ ఇక్కడ ఎన్నాళ్లుగా ఉన్నాడన్న లెక్కే.

## తల్లిదండ్రుల హక్కు, బంధువుల బంధం

ఇప్పటిదాకా చెప్పిన కేసులన్నీ తల్లికీ తండ్రికీ మధ్య నడిచినవి. ఒక పక్షాన కన్నవాళ్లు, మరో పక్షాన అమ్మమ్మో మేనమామో పెదనాన్నో ఉంటే లెక్క కొంత మారుతుంది.

1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ప్రకారం బిడ్డకు సహజ సంరక్షకులు తండ్రి, తల్లి. అయిదేళ్ల లోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గర ఉండాలని అదే చట్టం చెబుతుంది. తాతలకూ అమ్మమ్మలకూ అందులో సహజంగా వచ్చే స్థానం లేదు. అన్ని మతాలవారికీ వర్తించే 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద కోర్టు నియమిస్తేనే వాళ్లు గార్డియన్లు అవుతారు. బతికున్న తల్లినో తండ్రినో కాదని మరొకరిని నియమించాలంటే, ఆ మనిషి అనర్హుడని తేలాలని 19వ సెక్షన్ అంటుంది. అయితే 1956 చట్టంలోని 13వ సెక్షన్ బిడ్డ సంక్షేమాన్ని అన్నిటికన్నా పైన పెట్టింది. ప్రధానంగా ఆ సూత్రం ద్వారానే బంధువుల వాదన లోపలికి వస్తుంది.

ఈ రెండు సూత్రాల మధ్య ఎటు మొగ్గాలో సుప్రీంకోర్టు తీర్పులే రెండు విధాలుగా చూపిస్తాయి. 2019 మే నెలలో వచ్చిన కేసులో తల్లి క్యాన్సర్‌తో చనిపోయింది. ఆమె జబ్బుపడినప్పటి నుంచి పసిపాపను ఆమె తోబుట్టువులే పెంచారు. పాపను తనకు ఇవ్వాలన్న తండ్రి కోరికను కోర్టు ఒప్పుకుంది. బంధువులు ఎంత ప్రేమగా పెంచినా, సహజ సంరక్షకుడైన తండ్రి అడిగినప్పుడు ఇవ్వనని అనే చట్టబద్ధ అధికారం వాళ్లకు లేదంది. పాపకు ఒక్కసారిగా అంతా కొత్త కాకుండా బంధువులు కలిసేందుకు వీలు కల్పించింది. 2024 సెప్టెంబర్‌లో వచ్చిన మరో కేసులో తల్లి అసహజంగా మరణించింది, రెండున్నరేళ్ల పాప తల్లి తరఫు బంధువుల దగ్గర ఉంది. పాపను తండ్రికి ఇమ్మన్న హైకోర్టు ఉత్తర్వును సుప్రీంకోర్టు కొట్టేసింది. బిడ్డను చరాస్తిలా ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చకూడదని, గార్డియన్స్ చట్టం కింద పూర్తి విచారణ జరగాలని చెప్పింది.

ఈ రెండూ ఒకదానికొకటి విరుద్ధమని అనిపిస్తుంది గానీ, అడిగిన ప్రశ్నలు వేరు. తండ్రి మీద నీలినీడలేమీ లేనప్పుడు హక్కు ఎవరిదన్నది మొదటి ప్రశ్న. ఇప్పుడున్న చోటు నుంచి కదిలిస్తే బిడ్డకు ఏమవుతుందో చూడకుండానే హక్కు తేల్చవచ్చా అన్నది రెండోది. విదేశం నుంచి వచ్చే కేసుల్లో ఈ రెండో ప్రశ్న ఇంకా బరువెక్కుతుంది. ఎందుకంటే అక్కడ ఇల్లు మారడంతో పాటు భాష, బడి, దేశం కూడా మారతాయి.

## కాలం పనిచేసే తీరు

ఒక ఉదాహరణ అనుకుందాం. న్యూజెర్సీలో పుట్టిన పాపను ఏడాది వయసులో గాజువాకలో అమ్మమ్మ ఇంటికి పంపారు. ఎనిమిది నెలల తర్వాత తల్లి న్యూజెర్సీలోనే ప్రమాదంలో చనిపోయింది. కార్యక్రమాలకు వచ్చిన తండ్రి, కుదుటపడ్డాక తీసుకెళ్తానని వెళ్లిపోయాడు. మరో ఏడాదికి వచ్చి అడిగితే, "నువ్వు మళ్లీ పెళ్లి చేసుకుంటావట, పసిదాన్ని ఎవరు చూస్తారు?" అని అమ్మమ్మ, మేనమామ అడ్డుపడ్డారు. ఇద్దరి భయంలోనూ నిజాయితీ ఉంది. చట్టం మాత్రం ఈ కథలో తేదీలను వెతుకుతుంది.

మొదటిది అమెరికా వైపు లెక్క. అక్కడ మసాచుసెట్స్ తప్ప మిగతా అన్ని రాష్ట్రాలూ పాటించే ఉమ్మడి కస్టడీ చట్టం ప్రకారం, కేసు వేసే నాటికి ముందు వరుసగా ఆరు నెలలు బిడ్డ ఎక్కడ నివసించిందో ఆ చోటి కోర్టుకే మొదటి అధికారం. విదేశాన్ని కూడా ఆ చట్టం ఒక రాష్ట్రంతో సమానంగా చూస్తుంది. తాత్కాలికంగా ఊరు దాటి ఉన్న కాలాన్ని మాత్రం సొంత రాష్ట్రంలో ఉన్నట్టే లెక్కిస్తారు. మరి గాజువాకలో గడిచిన ఇరవై నెలలు తాత్కాలికమా, స్థిరనివాసమా? దానికి జవాబు చెప్పేవి ప్రేమలు కావు, తిరుగు టికెట్టు, వాట్సాప్‌లో "సమ్మర్‌లో తీసుకెళ్తాం" అన్న మెసేజ్, ఇక్కడి స్కూల్ అడ్మిషన్ ఫారంలో రాసిన వివరాలు. అప్పట్లో ఎవరూ పట్టించుకోని చిన్న చిన్న కాగితాలే తర్వాత సాక్ష్యాలవుతాయి.

రెండోది మన వైపు లెక్క. గార్డియన్స్ చట్టంలోని 9వ సెక్షన్ ప్రకారం మైనర్ మామూలుగా ఎక్కడ నివసిస్తే అక్కడి కోర్టులో పిటిషన్ వేయాలి. బిడ్డ ఇక్కడ అంగన్‌వాడీకో నర్సరీకో వెళ్తూ, టీకాలు వేయించుకుంటూ, ఏడాది దాటిందంటే విశాఖ ఫ్యామిలీ కోర్టుకు అధికారం లేదనడం తండ్రికి కష్టమవుతుంది. అప్పుడు రెండు దేశాల్లో రెండు కేసులు, రెండు ఆర్డర్లు వచ్చే పరిస్థితి ఏర్పడుతుంది.

మూడోది బిడ్డ మనసు లెక్క. రెండేళ్ల పాప అమ్మమ్మనే అమ్మా అని పిలుస్తుంది, తండ్రి ఫోన్ తెరమీద కనిపించే మనిషి మాత్రమే. నాలుగేళ్లు వచ్చేసరికి తెలుగు తప్ప వేరే భాష రాదు. కోర్టు బిడ్డతో చాంబర్‌లో మాట్లాడినప్పుడు ఇవే కనిపిస్తాయి. తగిన వయసు వచ్చిన బిడ్డ ఇష్టాన్ని కోర్టు పరిగణించవచ్చని చట్టం కూడా చెబుతోంది. ఇదంతా న్యాయమే. కానీ ఇందులో ఒక చిక్కు ఉంది. బిడ్డ మేలు చూసే పరీక్షలో, బిడ్డను తన దగ్గర ఉంచుకున్న పక్షానికి ప్రతి వాయిదా లాభమే. వాయిదా కోరినవాళ్లకు దురుద్దేశం ఉండనక్కర్లేదు. లాయర్ రాలేదు, కోర్టుకు సెలవులు, జడ్జి బదిలీ అయ్యారు అన్న మామూలు కారణాలే చాలు. ఆలస్యం వల్ల పుట్టిన స్థిరత్వాన్నే చివరికి ఆలస్యం చేసిన పక్షానికి సాక్ష్యంగా తీసుకోవాల్సి వస్తుంది. ఈ వ్యవస్థలో అసలు లోపం ఇదే, చట్టం ఎటు మొగ్గుతుందన్నది దీని తర్వాతి మాట.

నాలుగోది పాస్‌పోర్ట్ లెక్క. అమెరికాలో పుట్టిన బిడ్డకు పుట్టుకతోనే అక్కడి పౌరసత్వం. పిల్లల అమెరికా పాస్‌పోర్ట్ అయిదేళ్లకే ముగుస్తుంది. పదహారేళ్ల లోపు వాళ్లకు కొత్తది కావాలంటే మామూలుగా తల్లిదండ్రులిద్దరి అంగీకారం, ఒకరు లేకపోతే ఆ రుజువు కావాలి. తాతలు తమంతట తాము చేయించగలిగిన పని కాదు. ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చే కార్డు) లేకుండా వీసా మీద ఉన్న బిడ్డకు గడువు దాటితే అదొక కొత్త తలనొప్పి. కస్టడీ గెలిచిన తండ్రి కూడా ఈ కాగితాలు సరిచేసుకునేదాకా బిడ్డతో విమానం ఎక్కలేడు.

## హేగ్ ఒప్పందంలో చేరితే సరిపోతుందా?

ఈ ఆలస్యానికి విరుగుడుగా ప్రపంచం తయారు చేసుకున్నదే 1980 అక్టోబర్ 25న కుదిరిన హేగ్ ఒప్పందం. 1983 డిసెంబర్‌లో అమల్లోకి వచ్చింది. నూటికి పైగా దేశాలు ఇందులో ఉన్నాయి. జపాన్ 2014లో చేరింది, మన పొరుగున శ్రీలంక, పాకిస్తాన్ ఉన్నాయి. కస్టడీ ఎవరికి ఇవ్వాలన్నది ఇది తేల్చదు. బిడ్డ మామూలుగా నివసించే దేశం ఏదో చూసి, అక్కడికి తిరిగి పంపి, అసలు తగాదాను అక్కడి కోర్టుకు వదిలేస్తుంది. పదహారేళ్ల లోపు పిల్లలకే వర్తిస్తుంది. ఆరు వారాల్లో నిర్ణయం రాకపోతే కారణం అడగవచ్చు. తీసుకెళ్లిన ఏడాది లోపు కేసు వేస్తే తిరిగి పంపడమే నియమం. ఏడాది దాటాక వేస్తే, బిడ్డ కొత్త చోట స్థిరపడిందని రుజువు చేసి ఆపించవచ్చు. తిరిగి వెళ్తే తీవ్రమైన హాని ఉందన్నది మరో మినహాయింపు.

భారత్ చేరాలని లా కమిషన్ 2009లో 218వ నివేదికలో సూచించింది. 2016లో 263వ నివేదికలో ముసాయిదా బిల్లును సవరించి ఇచ్చింది. ఆ తర్వాత జస్టిస్ రాజేశ్ బిందల్ కమిటీ 2018లో నివేదిక ఇచ్చింది. ఇలాంటి తగాదాల పరిష్కారానికి ప్రత్యేక అథారిటీ ఉండాలన్నది అందులో ముఖ్యమైన సూచన. చట్టం మాత్రం రాలేదు. దత్తతకు సంబంధించిన హేగ్ ఒప్పందాన్ని 2003లో ఆమోదించిన దేశం, విదేశీ కోర్టు నోటీసుల జారీకి సంబంధించిన హేగ్ ఒప్పందంలో 2007 నుంచి కొనసాగుతున్న దేశం, ఈ ఒక్కదాని దగ్గర ఆగిపోయింది.

ఆగడానికి బలమైన కారణమే ఉంది. పిల్లలను తీసుకుని దేశం దాటుతున్నవారిలో ముప్పాతిక మందికి దగ్గరగా తల్లులేనని ఈ ఒప్పందం అమలును చూసే హేగ్ సంస్థ కోసం జరిగిన అధ్యయనాలు చూపించాయి. గృహహింస భరించలేక బిడ్డతో పుట్టింటికి చేరిన ఆడపిల్లను, ఆరు వారాల్లో మళ్లీ అదే ఊరికి పంపడం న్యాయమా అన్న ప్రశ్నకు ఒప్పందంలో సంతృప్తికరమైన జవాబు లేదు. విదేశాల్లో డిపెండెంట్ వీసా మీద ఉన్న మహిళకు చాలాసార్లు సొంత ఆదాయం, లాయర్ ఫీజుకు డబ్బు, సొంతంగా నివసించే హక్కు ఉండవు. ఈ అభ్యంతరాన్ని తేలికగా తీసిపారేయలేం.

అయితే ఆ అభ్యంతరం భార్యాభర్తల తగాదాకు సంబంధించినది. బంధువులకూ, బతికున్న తల్లికో తండ్రికో మధ్య నడిచే తగాదాలో అది చాలావరకు వర్తించదు. రెండింటినీ ఒకే గాటన కట్టి ఏ చట్టమూ చేయకపోవడం వల్ల ఈ రెండో రకం పిల్లలకు నష్టం జరుగుతోంది. తల్లుల రక్షణకు తగిన మినహాయింపులతో, కనీసం బంధువుల దగ్గర ఉండిపోయిన పిల్లల విషయంలో గడువు పెట్టి తేల్చే విధానం తేవడానికి ఒప్పందంలో చేరేదాకా ఆగనక్కర్లేదు.

## క్యూబా, బ్రెజిల్, నార్వే నేర్పేవి

1999 నవంబర్‌లో క్యూబా నుంచి చిన్న పడవలో బయల్దేరిన తల్లి సముద్రంలో మునిగిపోయింది. అయిదేళ్ల కొడుకు ఎలియాన్ గొంజాలెజ్ ఫ్లోరిడా తీరంలో ప్రాణాలతో దొరికాడు. మయామీలో ఉన్న తండ్రి తరఫు బంధువులు ఉంచుకుంటామన్నారు, క్యూబాలో ఉన్న తండ్రి పంపమన్నాడు. అప్పటికి క్యూబా హేగ్ ఒప్పందంలో లేదు. రెండు దేశాల మధ్య శత్రుత్వం, వీధుల్లో ప్రదర్శనలు. అయినా అమెరికా వలస అధికారులు 2000 జనవరిలోనే ఒక మాట తేల్చారు: బాబు తరఫున మాట్లాడే హక్కు తండ్రిదే. ఏప్రిల్‌లో సాయుధ అధికారులు ఆ ఇంట్లోకి చొరబడి బాబును తీసుకురావాల్సి వచ్చింది, ఆ పద్ధతిని సమర్థించడం కష్టం. కోర్టు అప్పీళ్లు ముగిసి జూన్ 28న బాబు తండ్రితో క్యూబా వెళ్లాడు. మొత్తం ఏడు నెలలు పట్టింది.

బ్రెజిల్ కేసు దీనికి తలకిందులు. 2004లో న్యూజెర్సీ నుంచి సెలవులకని నాలుగేళ్ల కొడుకును బ్రెజిల్ తీసుకెళ్లిన తల్లి అక్కడే ఉండిపోయింది. 2008లో కాన్పులో చనిపోయింది. ఆ తర్వాత సవతి తండ్రి, అమ్మమ్మ, తాతయ్య బాబును ఇవ్వలేదు. అమెరికా, బ్రెజిల్ రెండూ ఒప్పందంలో ఉన్నా, బాబు అక్కడ కుదురుకున్నాడన్న వాదనతో కేసు కోర్టు నుంచి కోర్టుకు తిరిగింది. 2009 డిసెంబర్ 24న గానీ బాబు తండ్రి డేవిడ్ గోల్డ్‌మన్ చేతికి రాలేదు. అయిదేళ్లకు పైగా పట్టింది. పిల్లలను తిరిగి పంపని దేశాలపై ఒత్తిడి తెచ్చేందుకు అమెరికా 2014లో చేసిన చట్టానికి ఈ తండ్రీకొడుకుల పేరే పెట్టారు. ఆ చట్టం కింద అమెరికా విదేశాంగ శాఖ ఏటా ఇచ్చే నివేదికల్లో భారత్ పేరు కూడా పదేపదే వస్తోంది.

ఒప్పందం లేని దేశానికి బాబు ఏడు నెలల్లో వెళ్లాడు, ఒప్పందం ఉన్న దేశం నుంచి రావడానికి అయిదేళ్లు పట్టింది. బిడ్డ తరఫున మాట్లాడేది ఎవరన్న ప్రశ్నను ఒక చోట మొదటి వారాల్లోనే తేల్చేశారు, మరో చోట చివరిదాకా తేల్చలేదు.

మన దేశానికి దగ్గరి ఉదాహరణ నార్వే నుంచి వచ్చింది. 2011లో ఒక బెంగాలీ దంపతుల ఇద్దరు పిల్లలను అక్కడి శిశు సంరక్షణ శాఖ స్వాధీనం చేసుకుంది. దౌత్య స్థాయిలో చర్చల తర్వాత 2012లో పిల్లలను తండ్రి తమ్ముడికి అప్పగించి భారత్ పంపారు. ఈలోగా దంపతులు విడిపోయారు. బాబాయి దగ్గరున్న పిల్లల కోసం తల్లి ఇక్కడ కొత్తగా పోరాడాల్సి వచ్చింది. 2013 జనవరిలో కలకత్తా హైకోర్టు పిల్లలను ఆమెకు ఇప్పించింది. అత్యవసరంలో బంధువుకు ఇచ్చిన ఏర్పాటుకు గడువు, షరతులు రాసి ఉండకపోతే ఏమవుతుందో ఈ కేసు చూపిస్తుంది.

## తల్లి విశాఖలో, బిడ్డ అక్కడ

తగాదా అటు నుంచి ఇటు కూడా వస్తుంది. అమెరికాలో హెచ్-4 (డిపెండెంట్) వీసా మీద ఉన్న మహిళ హోదా భర్త హెచ్-1బీ ఉద్యోగ వీసా మీదే ఆధారపడుతుంది. ఆయన చనిపోతే ఆమె అక్కడ ఉండేందుకు ఆధారమే పోతుంది. బడికి వెళ్లే బిడ్డను ఈ విద్యా సంవత్సరం అయ్యేదాకా అని మరిది ఇంట్లో ఉంచి ఆమె విశాఖ వస్తుంది. స్కూల్, వైద్యం కోసమని తాత్కాలిక గార్డియన్‌షిప్ కాగితం మీద సంతకం పెడుతుంది. ఏడాది తర్వాత, అమెరికా పౌరుడైన బిడ్డ భవిష్యత్తు అమెరికాలోనే బాగుంటుందని మరిది వాళ్లు పంపకపోతే ఆమె చేయగలిగింది ఏమిటి?

ఇక్కడ అమెరికా చట్టం ఆమెకు అనుకూలంగానే ఉంది. పిల్లల పెంపకంపై నిర్ణయం తల్లిదండ్రుల ప్రాథమిక హక్కని 2000లో అక్కడి సుప్రీంకోర్టు నాయనమ్మ, తాతయ్యల సందర్శన హక్కు కేసులో తేల్చి చెప్పింది. బంధువులు గార్డియన్లుగా కొనసాగాలంటే ఆ హక్కును దాటే కారణం చూపాలి. ఆటంకాలు వేరే చోట ఉన్నాయి. వీసా లేని తల్లికి అక్కడి కోర్టుకు స్వయంగా వెళ్లడం కుదరదు, విశాఖ కోర్టు ఆర్డర్ అక్కడ దానంతటదే అమలు కాదు, లాయర్ ఫీజు డాలర్లలో కట్టాలి. భర్త బీమా సొమ్ము, బిడ్డకు అమెరికా ప్రభుత్వం నుంచి వచ్చే సోషల్ సెక్యూరిటీ సొమ్ము ఎవరి చేతుల మీదుగా ఖర్చవుతున్నాయన్న అనుమానం తోడైతే మాటలు పూర్తిగా తెగిపోతాయి. తాత్కాలిక కాగితంలో ముగింపు తేదీ రాసి ఉంటే ఈ తగాదా చాలావరకు పుట్టదు.

మన ఆర్డర్లు బయట చెల్లకపోవడం ఎంత ప్రమాదమో ఒక కేసు గట్టిగా గుర్తు చేసింది. 2020లో సుప్రీంకోర్టు ఒక బాబు కస్టడీని కెన్యాలో ఉన్న తండ్రికి ఇచ్చింది. అక్కడి కోర్టు నుంచి అదే షరతులతో జంట ఆర్డర్ తేవాలని ముందే చెప్పింది. బాబు వెళ్లాక ఆ తండ్రి షరతులు తప్పి, భారత కోర్టులకు అధికారమే లేదని అక్కడి కోర్టుకెక్కాడు. 2021లో సుప్రీంకోర్టు తన ఉత్తర్వును వెనక్కి తీసుకుని సీబీఐకి కేసు అప్పగించింది. అప్పటికే బాబు దేశం దాటిపోయాడు.

## విశాఖలో నడిచే దారులు

బిడ్డ ఇక్కడ ఉన్నప్పుడు రెండు ప్రధాన దారులున్నాయి. అమరావతిలోని హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ (చట్టవిరుద్ధంగా ఉంచుకున్న మనిషిని కోర్టు ముందుకు తెప్పించమని అడిగేది) మొదటిది. చట్టబద్ధ అధికారం లేనివారి దగ్గర బిడ్డ ఉందని ప్రాథమికంగా కనిపిస్తే ఇది వారాల్లో ఫలితమివ్వగలదు. లోతైన విచారణ కావాల్సిన ఆరోపణలుంటే హైకోర్టు ఫ్యామిలీ కోర్టుకు వెళ్లమంటుంది. విశాఖ ఫ్యామిలీ కోర్టులో గార్డియన్స్ చట్టం కింద పిటిషన్ రెండోది. సాక్షులు, కౌన్సెలింగ్, నివేదికలతో ఇది నెమ్మదిగా నడుస్తుంది. విదేశంలో ఉన్నవారు అక్కడి భారత కాన్సులేట్‌లో పవర్ ఆఫ్ అటార్నీ చేయించి పంపవచ్చు. అది ఇండియాకు చేరిన మూడు నెలల్లో ఇక్కడ స్టాంపు వేయించాలి.

విదేశీ కోర్టు సమన్లు వాట్సాప్‌లోనో కొరియర్‌లోనో వస్తే ఇక్కడివాళ్లు వాటిని చించి పారేస్తుంటారు. నోటీసుల ఒప్పందం ప్రకారం తపాలా ద్వారా జారీకి భారత్ ఒప్పుకోలేదు కాబట్టి ఆ జారీని సవాలు చేయవచ్చు. కానీ పట్టించుకోకపోతే అక్కడ ఏకపక్ష ఆర్డర్ వస్తుంది, ఆ తర్వాత ఆ దేశం వెళ్లే కుటుంబ సభ్యులకు చిక్కులు రావచ్చు. జవాబు ఇవ్వడమే మేలు.

తుది తీర్పు కన్నా మొదటి వాయిదాల్లో అడిగేవే ఈ కేసుల్లో ఎక్కువ పనిచేస్తాయి. రోజూ ఒక వేళకు వీడియో కాల్, వచ్చినప్పుడు బిడ్డతో గడిపే రోజులు, పాస్‌పోర్ట్‌లు కోర్టులో డిపాజిట్, విచారణకు గడువు. ఇవి ఉంటే తీర్పు ఎటు వచ్చినా బిడ్డకు రెండో పక్షం కొత్తవాళ్లు కారు. బంధువుల వైపు నుంచి కూడా ఇదే వర్తిస్తుంది. తాతలకు, అమ్మమ్మలకు సందర్శన హక్కు ఇస్తూ మన దేశంలో స్పష్టమైన సెక్షన్ లేదు. ఆస్ట్రేలియాలో తాతలు నేరుగా కోర్టుకు వెళ్లవచ్చు, ఇంగ్లండ్‌లో ముందు కోర్టు అనుమతి తీసుకోవాలి. ఇక్కడ అది జడ్జి విచక్షణ. బిడ్డను ఇవ్వం అని మొండికేసి ఓడిన బంధువులకన్నా, ఇస్తాం గానీ సెలవుల్లో పంపాలి, రోజూ మాట్లాడనివ్వాలి అని మొదటే రాతపూర్వకంగా అడిగినవాళ్లకు కోర్టులో మంచి ఆదరణ దొరికే అవకాశం ఎక్కువ. పెద్దమనుషుల్లో పెట్టి మాట్లాడుకున్నా, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ మధ్యవర్తిత్వంలో కూర్చున్నా, కుదిరిన ఒప్పందాన్ని కోర్టులో రికార్డు చేయించి, బిడ్డ వెళ్లే దేశంలో కూడా అదే షరతులతో ఆర్డర్ తెచ్చుకున్నాకే ప్రయాణం పెట్టుకోవాలి. కెన్యా కేసులో కోర్టు కోరిన రక్షణ ఇదే.

కోర్టు నియమించిన గార్డియన్ ఎవరైనా, బిడ్డను ఆ కోర్టు పరిధి దాటించాలంటే ముందు అనుమతి తీసుకోవాలని 26వ సెక్షన్ చెబుతోంది. అమ్మమ్మను గార్డియన్‌గా నియమించాక పాపను హైదరాబాద్‌లో మేనమామ ఇంటికి మార్చినా అది వర్తిస్తుంది.

తగాదా రాకముందు చేయగలిగినవి చాలా చిన్న పనులు. బిడ్డను ఇక్కడికి పంపేటప్పుడే ఎన్నాళ్లకు, ఎందుకు అన్నది తల్లిదండ్రులిద్దరూ సంతకం చేసి తాతల దగ్గర ఒక కాపీ ఉంచవచ్చు. స్కూల్ ఫారంలో తాతను గార్డియన్‌గా రాసినా తల్లిదండ్రుల పేర్లు, చిరునామా సరిగ్గా నింపవచ్చు. వీలునామాలో, ఇద్దరూ లేకపోతే బిడ్డను ఎవరు పెంచాలో రాయవచ్చు. 1956 చట్టంలోని 9వ సెక్షన్ అందుకు వీలిస్తుంది, అయితే తల్లిదండ్రుల్లో ఒకరు బతికున్నంతకాలం ఆ నియామకం వాళ్లను తప్పించదు. ఒకరు చనిపోయిన వెంటనే, దినకార్యాలు ముగిసి అందరూ ఒకే ఇంట్లో ఉన్నప్పుడే, బిడ్డ ఎప్పుడు ఎక్కడికి వెళ్తుందో తేదీతో సహా రాసుకోవచ్చు. ఆ మాట అప్పుడు ఎత్తడం బాగుండదని అందరూ ఆగిపోతారు. పైన చెప్పిన గాజువాక ఉదాహరణలో తండ్రి, అమ్మమ్మ ఇద్దరూ కోల్పోయిన ఏడాది అక్కడే మొదలైంది.